నూరువరహాల మొక్కకు ఎంత ఎండ కావాలి? నీడలో పూయదు, మిద్దె మీద మాడిపోతోంది (తిరుపతి)

మిద్దెతోట · తిరుపతి · ఏప్రిల్ 11, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది ఎం.ఆర్.పల్లి. డిసెంబరులో ఎర్ర నూరువరహాల మొక్కలు రెండు తెచ్చుకున్నాను. చిన్న ఆకుల రకం, పన్నెండు అంగుళాల నల్ల ప్లాస్టిక్ కుండీల్లో ఉన్నాయి. తెచ్చిన రోజు ప్రతి కొమ్మకూ ఒక గుత్తి ఉంది. కుళాయి దగ్గరగా ఉంటుందని ఇంటికి ఉత్తరం పక్క సందులో పెట్టాను. ఉన్న పూలు రాలిపోయాక మళ్లీ ఒక్క మొగ్గ వేయలేదు. కొమ్మలు సన్నగా సాగాయి, ఆకుకూ ఆకుకూ మధ్య దూరం పెరిగింది, రెండు మొక్కలూ వీధి వైపు వాలిపోయాయి.

ఎండ చాలడం లేదని అత్తమ్మ చెబితే మార్చి 30న మిద్దె మీదికి చేర్చాం. వారం తిరగకముందే పైఆకులు వెలిసిన గుడ్డలా తెల్లబడ్డాయి. ఆ తెలుపు మీద ఇటుక రంగు మచ్చలు వచ్చాయి. ఇప్పుడు ముట్టుకుంటే అప్పడంలా విరుగుతున్నాయి. ఒక మొక్కకు కొత్త చిగురు కూడా పసుపుగా వస్తోంది. నీళ్లు రోజూ పోస్తున్నాను.

కొన్నచోట అడిగితే ఎండ ఎంత ఉంటే అంత మంచిది అన్నారు. ఒక వీడియోలో ఆరు గంటలు, ఇంకో వీడియోలో సగం నీడ అన్నారు. అసలు దీనికి ఎంత ఎండ ఇవ్వాలి? చనిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. శుక్రవారం అమ్మవారికి ఇంట్లో పూసిన గుత్తి పెట్టాలని తెచ్చుకున్నవి ఇవి.

పొలంగట్టు · పుత్తూరు · ఏప్రిల్ 11, రాత్రి 9:48

అక్కా, నూరువరహాలకు ఎండే ప్రాణం. మా ఇంటి ముందు నేలలో ఉంది, పన్నెండేళ్ల చెట్టు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండే. నా ఎత్తు పెరిగింది. ఒక్క ఆకు మాడలేదు. మిద్దె మీదే ఉంచండి, అదే అలవాటు పడుతుంది. నీళ్లు పెంచండి చాలు.

ఇట్లిపూలు · చిత్తూరు, కట్టమంచి · ఏప్రిల్ 12, ఉదయం 6:35

తమ్ముడూ, నేలలో ఉన్న పన్నెండేళ్ల చెట్టు వేరు, నల్ల కుండీలో ఉన్న నాలుగు నెలల మొక్క వేరు. మీ చెట్టు వేర్లు చల్లటి మట్టిలోకి ఎంతో లోతుకు పోయి ఉంటాయి. ఈమె మొక్క వేర్లు అంగుళంలో పదో వంతు మందం లేని ప్లాస్టిక్‌ను ఆనుకుని ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటికి ఆ కుండీ పడమటి పక్కన చెయ్యి పెట్టి చూడండి, పెట్టిన చెయ్యి వెంటనే తీసేస్తారు. వేరు అక్కడే ఉంది కదా.

అమ్మా మిద్దెతోటా, చిత్తూరులో తమిళం మాట్లాడే ఇళ్లలో దీన్ని ఇట్లిపూ అంటారు, అందుకే నాకా పేరు. 20 ఏళ్లుగా కుండీల్లోనే పెంచుతున్నాను. సలహా చెప్పే ముందు కొన్ని సంగతులు తెలియాలి. ఇల్లు ఏ ముఖం? మిద్దె మీద కుండీలు ఎక్కడ పెట్టారు, నేరుగా సిమెంటు మీదేనా? మాడిన ఆకులు మొక్కంతా ఉన్నాయా, ఒక పక్కనే ఉన్నాయా? పసుపు చిగురులో ఈనెలు పచ్చగా ఉన్నాయా, అవి కూడా పసుపేనా? పోసేది బోరు నీళ్లా, కుళాయి నీళ్లా?

ఒక్క మాట ముందే చెబుతున్నాను. మాడిన ఆకులు ఇప్పుడే తుంచొద్దు. చూడ్డానికి బాగుండవు, నిజమే. కానీ అవి కింద ఆకులకు, కొమ్మకు నీడ ఇస్తున్నాయి. ఆకులో ఇంకా పచ్చగా ఉన్న భాగం పని చేస్తూనే ఉంటుంది. ఎరువు కూడా వేయొద్దు, దెబ్బతిన్న వేరుకు ఉప్పు పోసినట్టు అవుతుంది.

మిద్దెతోట · తిరుపతి · ఏప్రిల్ 12, ఉదయం 10:10

అక్కా, థాంక్స్. ఇల్లు తూర్పు ముఖం. వీధికి అవతల రెండంతస్తుల ఇల్లు ఉంది, అందుకని మా గుమ్మం ముందు ఎండ ఎనిమిదికి గానీ పడదు. మిద్దె మీద మధ్యలో, నేరుగా సిమెంటు మీదే పెట్టాను. మాడినవి ఎక్కువగా పైన, పడమటి పక్కన ఉన్నాయి. తూర్పు పక్క, లోపలి ఆకులు బాగానే ఉన్నాయి. పసుపు చిగురులో ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తున్నాయి, వల వేసినట్టు. పోసేవి బోరు నీళ్లే. బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది.

ఇట్లిపూలు · చిత్తూరు, కట్టమంచి · ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1:05

అయితే మీ మొక్కకు రెండు బాధలు ఉన్నాయి. రెండింటినీ ఒకటే అనుకుంటే ఏదీ తగ్గదు.

పడమటి పక్క ఆకులు తెల్లబడి మాడడం ఎండదెబ్బ. నీళ్ల కొరత అయితే మొక్క మొత్తం వాలుతుంది, ఆకు కొనలు ముందు ఎండుతాయి. మీకు ఎండ కొట్టిన పక్కే మాడింది కాబట్టి నీళ్లు పెంచినందువల్ల ప్రయోజనం లేదు. పైగా రోజూ తడి ఎక్కువై వేరు కుళ్లితే అప్పుడు నిజంగా చేజారిపోతుంది. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి, పొడిగా తగిలినప్పుడే పోయండి.

ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు రావడానికి ఎండతో సంబంధం లేదు. అది ఇనుము అందకపోవడం. నూరువరహాలు కాఫీ కుటుంబపు మొక్క, పులుపు నేల దానికి ఇష్టం. మీ బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. మట్టిలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. దీని సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా వివరంగా రాస్తే బాగుంటుంది.

ఇవాళే చేయాల్సింది ఒక్కటే. రెండు కుండీలనూ కిందికి దించి తూర్పు గుమ్మం పక్కన పెట్టండి.

ఎర్రమట్టి · రేణిగుంట · ఏప్రిల్ 12, రాత్రి 10:30

నేను నర్సరీ పని చేస్తాను. మా పనిలో జరిగేది చెబితే ఈమె మొక్క ఎందుకు మాడిందో అర్థమవుతుంది.

మన దగ్గర అమ్మే పూలమొక్కల్లో చాలావరకు రాజమండ్రి పక్కన కడియం నుంచి వస్తాయి. అక్కడ గోదావరి గాలి, తేమ ఎక్కువ. పైన గ్రీన్ నెట్ కట్టి పెంచుతారు. లారీలో వచ్చి ఇక్కడ మళ్లీ మా నెట్ కిందే దిగుతాయి. అంటే మీరు కొన్నరోజు దాకా ఆ మొక్క మధ్యాహ్నపు ఎండ నేరుగా ఎరగదు. మీరు తీసుకెళ్లాక మూడు నెలలు ఉత్తరం సందులో, అంటే ఇంకా ఎక్కువ నీడలో ఉంది. నీడలో పుట్టిన ఆకు వెడల్పుగా, పలచగా ఉంటుంది, దొరికిన కాస్త వెలుతురునూ పట్టుకోవడానికి. ఎండలో పుట్టిన ఆకు చిన్నగా, మందంగా, పైన మెరుపుతో ఉంటుంది. ఒకసారి నీడ ఆకుగా విచ్చుకున్నది ఎండ ఆకుగా మారదు. అందుకే "అలవాటు పడుతుంది" అనే మాట మొక్క విషయంలో నిజం, ఉన్న ఆకుల విషయంలో కాదు. అలవాటు పడేది ఇకముందు వచ్చే చిగురు. పాత ఆకులు పోతాయి. ఆ చిగురు వచ్చేదాకా మొక్కను బతికించుకోవడమే మన పని.

నేనైతే కస్టమర్లకు ఇలా చెబుతాను. మొదటి వారం ఉదయం ఎండ గంటన్నర, రెండు గంటలు. రెండో వారం మూడు గంటలు. మూడో వారం నాలుగు. కొత్త చిగురు గట్టిపడి ముదురు పచ్చ తిరిగాక ఇంకా పెంచొచ్చు. కొనడానికి మంచి నెలలు జూలై నుంచి అక్టోబరు. మార్చి, ఏప్రిల్‌లో కొంటే వేసవి అంతా నెట్ ఉండాల్సిందే.

ఇంకో సంగతి. కడియం మట్టిగడ్డ ఒండ్రుది, జిగురుగా ఉంటుంది. ఒకసారి పూర్తిగా ఎండితే రాయిలా బిగుసుకుని, పోసిన నీళ్లు గడ్డలోకి దిగకుండా కుండీ అంచు వెంట జారిపోతాయి. కింద రంధ్రంలోంచి నీళ్లు కారుతుంటే తడిసిందనుకుంటాం, లోపల పొడిగానే ఉంటుంది. ఎండదెబ్బ తిన్న మొక్కల్లో సగానికి ఈ బాధ కూడా ఉంటుంది, నేను రోజూ చూస్తుంటాను. సాయంత్రం కుండీని నీళ్ల తొట్టిలో అరగంట ముంచి తీయండి. బుడగలు రావడం ఆగితే గడ్డ తడిసినట్టు.

పొలంగట్టు · పుత్తూరు · ఏప్రిల్ 13, ఉదయం 7:15

అన్నా, ఈ ఆకు సంగతి నాకు తెలియదు. మా చెట్టును మా అమ్మ వానాకాలంలో చిన్న కొమ్మ నుంచి నాటిందట, అంటే మొదటి ఆకు నుంచే ఎండలో పెరిగింది. మిద్దె మీదే ఉంచమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా అక్కా. కిందికి దించండి.

నీడకర్ర · తిరుపతి · ఏప్రిల్ 13, సాయంత్రం 5:40

నేను రిటైర్ అయిన లెక్కల మాస్టారిని. అమ్మా, నువ్వు "ఎంత ఎండ" అని అడిగావు. "ఎప్పటి ఎండ, ఏ పక్క నుంచి" అని అడిగితే నీ ఇంటికి సరిపోయే సమాధానం దొరుకుతుంది.

ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా నాలుగు గంటలు, మధ్యాహ్నం ఒకటి నుంచి ఐదు దాకా నాలుగు గంటలు. గడియారంలో రెండూ సమానం. వెలుతురు కూడా ఇంచుమించు సమానమే. కానీ ఉదయం గాలి చల్లగా ఉంటుంది, రాత్రి మిద్దె వేడి కొంత దిగి ఉంటుంది, ఆకు నిండా నీళ్లుంటాయి. మధ్యాహ్నం మూడింటికి గాలి 40 డిగ్రీలు దాటి, పొడిగా వీస్తుంటే, ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. చెమట పట్టని మనిషిలా ఉడికిపోతుంది. వీడియోల్లో చెప్పే ఆరు గంటలు ఎక్కడి ఆరు గంటలో చూడాలి. చల్లటి దేశంలో ఆరు గంటలు, కర్తరిలో తిరుపతి ఆరు గంటలు ఒకటి కావు.

ఇక దిక్కుల సంగతి. ఇది కాస్త ఓపికగా చదవండి. మన తిరుపతి ఉత్తర అక్షాంశం 13.6 డిగ్రీల మీద ఉంది. సెప్టెంబరు 23 నుంచి మార్చి 21 దాకా సూర్యుడు దక్షిణం వైపు నుంచే పోతాడు. ఆ ఆరు నెలలు ఉత్తరపు గోడకు నేరు ఎండ తగలదు. డిసెంబరు 21 మధ్యాహ్నం పదడుగుల గోడ నీడ ఉత్తరానికి ఏడున్నర అడుగులు పడుతుంది. నీ సందు అంతా ఆ నీడలోనే ఉంది. మూడు నెలలు మొగ్గ వేయకపోవడానికి కారణం అదే. నూరువరహాలు కొత్త కొమ్మ కొసన పూస్తాయి. వెలుతురు లేకపోతే కొమ్మ సాగడానికే బలం చాలదు, మొగ్గ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు అసలు మెలిక. ఏప్రిల్ 26 ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాలకు మన ఊళ్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువు కర్రకు నీడ ఉండదు. ఆ తరువాత ఆగస్టు 16 ప్రాంతంలో మళ్లీ నడినెత్తికి వచ్చేదాకా ఉదయం నుంచి సాయంత్రం వరకు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. జూన్ 21న తూర్పుకు 24 డిగ్రీలు ఉత్తరంగా ఉదయించి, పడమరకు అంతే ఉత్తరంగా అస్తమిస్తాడు. అంటే చలికాలంలో చీకటిగా ఉన్న నీ ఉత్తరం సందులోకి మే నెలలో సాయంత్రపు ఎండ ఏటవాలుగా దూరుతుంది. "నీడ ఉంది కదా" అని మేలో మొక్కను మళ్లీ అక్కడ పెడితే, రెండోసారి మాడుతుంది. సందు పడమటి కొస తెరిచి ఉందా?

మిద్దెతోట · తిరుపతి · ఏప్రిల్ 13, రాత్రి 8:55

సార్, తెరిచే ఉంది, అటు ఖాళీ స్థలం. ఈ ఆదివారం అత్తమ్మ మళ్లీ ఆ సందులోనే పెడదాం అన్నారు. నేను సరేనన్నాను కూడా! మీరు చెప్పాక గుర్తొస్తోంది, వేసవిలో సందులో ఆరేసిన బట్టలు సాయంత్రానికి కరకరలాడతాయి, చలికాలంలో రెండు రోజులైనా ఆరవు. ఇన్నేళ్లు చూస్తూ కూడా మొక్కకు దాన్ని అన్వయించుకోలేదు.

నిన్న సాయంత్రమే రెండూ తూర్పు గుమ్మం దగ్గరికి వచ్చేశాయి. ఎర్రమట్టి అన్న చెప్పినట్టు తొట్టిలో ముంచితే ఒక కుండీ నుంచి పది నిమిషాలు బుడగలు వచ్చాయి.

శెనక్కాయచేను · చంద్రగిరి · ఏప్రిల్ 14, ఉదయం 5:50

పసుపు చిగురు గురించి అడిగారు కదా. మా వేరుశెనగలో సున్నం ఎక్కువున్న చోట లేతాకులు ఇలాగే పాలిపోతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. దానికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉన్న ఉప్పు) కొడతాం. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు. ఇది చేనుకు వేసే మోతాదు. మా ఇంట్లో ఉన్న నూరువరహాలకు, గంధరాజానికి 2 గ్రాములే వేస్తాను, లేత చిగురు తట్టుకోవాలి కదా. అప్పటికప్పుడు కలిపిన నీళ్లే వాడాలి, నిలవ ఉంచితే తుప్పు రంగు తిరుగుతుంది, పని చేయదు. ఎండలో మాత్రం కొట్టొద్దమ్మా. పొద్దు వాలాక కొట్టండి. ఎండలో కొడితే ఆకు నల్లబడుతుంది, అది కూడా ఎండదెబ్బే అనుకుని మళ్లీ కంగారు పడతారు. టైల్స్ మీద పడితే మరక పోదు, కింద గోతం పరుచుకోండి.

పది రోజులకు ఒకసారి, రెండు మూడు సార్లు కొడితే చిగురు పచ్చబడుతుంది. మట్టిలో వేయాలనుకుంటే చిలేటెడ్ ఐరన్ (వేరు సులువుగా తీసుకోగలిగే ఇనుము) దొరుకుతుంది. ప్యాకెట్ మీద ఈడీడీహెచ్ఏ అని ఉన్నది అడగండి. ఈడీటీఏ రకం మన సున్నపు నీళ్లలో ఎక్కువ కాలం నిలవదు. వాన నీళ్లు పట్టుకుని పోయగలిగితే దానికి మించింది లేదు.

కొలతబద్ద · తిరుపతి, ఎస్వీ యూనివర్సిటీ దగ్గర · ఏప్రిల్ 14, రాత్రి 11:20

మన కన్ను వెలుతురును కొలవడంలో మోసపోతుంది, తక్కువ వెలుతురుకు వెంటనే సర్దుకుంటుంది. అందుకే వరండా "బాగా వెలుతురుగా" ఉందనిపిస్తుంది. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని ఇవాళ మా రూమ్ దగ్గర చూశాను. మధ్యాహ్నం మిద్దె మీద లక్ష దాటింది. అదే సమయంలో వరండా నీడలో ఎనిమిది వేలు. గది లోపల, కిటికీకి మూడడుగుల దూరంలో ఆరు వందలు. ఫోన్ చూపేది కచ్చితమైన లెక్క కాకపోవచ్చు, కానీ ఒక చోటుతో ఇంకో చోటును పోల్చుకోవడానికి చాలు. వరండాలో మిద్దె మీది వెలుతురులో పదో వంతు కూడా లేదు. పూల మొక్కను ఇంటి లోపల కిటికీ దగ్గర పెట్టి పూయలేదని బాధపడేవాళ్లు ఒకసారి కొలిచి చూడండి.

పడమటి బాల్కనీ · తిరుపతి, ఎయిర్ బైపాస్ రోడ్డు · ఏప్రిల్ 15, ఉదయం 9:00

నాకు అద్దె ఫ్లాట్, మూడో అంతస్తు. ఉన్నది ఒక్క పడమటి బాల్కనీ. మధ్యాహ్నం దాకా ఎండ ఉండదు, ఒంటిగంట నుంచి సూర్యాస్తమయం దాకా కొలిమి. మిద్దె మీద పెట్టడానికి ఓనర్ ఒప్పుకోరు. నాకు నూరువరహాలు వద్దంటారా?

ఇట్లిపూలు · చిత్తూరు, కట్టమంచి · ఏప్రిల్ 15, మధ్యాహ్నం 12:20

వద్దనను. కానీ మే నెల గడిచేదాకా కొనకండి. జూలైలో కొని, వానాకాలం, చలికాలం ఎండలో పెంచితే వచ్చే వేసవికి ఎండ ఆకులతో తయారుగా ఉంటుంది. ఫిబ్రవరి ఆఖరు నుంచి గ్రిల్‌కు యాభై శాతం గ్రీన్ నెట్, అంటే సగం ఎండను ఆపేది, కట్టండి. నెట్ మొక్కకు తగలకుండా అడుగు దూరంలో ఉండాలి. తొంభై శాతం నెట్ కొనకండి, దాని వెనక పూలు రావు. నల్ల కుండీ వద్దు, మట్టి కుండీ గానీ, తెల్ల సున్నం వేసిన సిమెంటు కుండీ గానీ పెద్దది తీసుకోండి. పడమటి పక్కన కుండీకి తడి గోనెసంచి చుట్టినా వేరుకు చాలా హాయి.

ఇవన్నీ కష్టమనిపిస్తే కాగితపు పూలు, ఎడారి గులాబీ పెట్టుకోండి. ఆ బాల్కనీ వాటికి పుట్టిల్లు.

కొండగాలి · మదనపల్లె · ఏప్రిల్ 15, రాత్రి 8:10

మా ఊరు తిరుపతి కన్నా అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తు. ఇక్కడ నావి రోజంతా ఎండలోనే ఉన్నాయి, ఏప్రిల్‌లో కూడా ఆకు కొసలే కాస్త మాడతాయి. తిరుపతిలో మా చెల్లెలికి ఇక్కడి నుంచే కొమ్మలు ఇచ్చాను, అదే రకం, అదే మట్టి. అక్కడ పడమటి ఎండకు నిలవలేదు. అందుకే ఎవరైనా "మా ఇంట్లో బాగా వచ్చింది" అంటే ముందు ఊరు అడగండి.

మిద్దెతోట · తిరుపతి · ఏప్రిల్ 26, మధ్యాహ్నం 12:40

నీడకర్ర సార్, ఇప్పుడే మిద్దె దిగి వస్తున్నాను. ఇనుప పైపు ముక్కను నీటి మట్టంతో నిలువుగా నిలబెట్టి చూశాం. 12:10కి నీడ పైపు కిందికే పోయింది. మా బాబు, వాడి ఫ్రెండ్స్ ఇద్దరు, అత్తమ్మ, అందరం మండుటెండలో నిలబడి చూశాం. మా నీడలు మా కాళ్ల కిందే ఉన్నాయి. వాడికి స్కూల్లో చెప్పిన పాఠం ఇదేనట, కానీ కళ్లతో చూడడం ఇదే మొదలు.

మొక్కలు తూర్పు గుమ్మం దగ్గర 8 నుంచి 12 దాకా ఎండ తింటున్నాయి. 12:10 దాటగానే మా ఇంటి నీడే వాటి మీద పడుతోంది. అన్నభేది రెండుసార్లు కొట్టాను. ఒక దానికి కింద కణుపుల్లో గోరంత చిగుళ్లు కనిపిస్తున్నాయి, ఎర్రటి రాగి రంగులో. ఇది మళ్లీ జబ్బు కాదు కదా?

ఎర్రమట్టి · రేణిగుంట · ఏప్రిల్ 26, మధ్యాహ్నం 3:15

కాదమ్మా. నూరువరహాల లేత చిగురు ఆ రంగులోనే వస్తుంది, తరువాత పచ్చబడుతుంది. సంతోషించాల్సిన సంగతి. ఇప్పుడు మాడిన కొసలను ఆ చిగురుకు పైన కత్తిరించండి. ఎక్కువ కోయొద్దు.

నీడకర్ర · తిరుపతి · మే 5, ఉదయం 7:30

నిన్నటితో కర్తరి మొదలైంది. ఈ నెల 28 దాకా మొక్కల చోటు మార్చడాలు, మట్టి మార్చడాలు, పెద్ద కత్తిరింపులు పెట్టుకోకండి. నీళ్లు ఉదయం ఆరు లోపల. మిద్దె మీద నల్ల ట్యాంకు నుంచి వచ్చే పైపు ఎండలో పరుచుకుని ఉంటే మొదటి రెండు బకెట్ల నీళ్లు కాగిపోయి ఉంటాయి, అవి పట్టి పక్కన పెట్టండి. చల్లారాక పోయండి.

మధ్యాహ్నం మొక్క నిజంగా వాడిపోతే సాయంత్రం దాకా ఆగాల్సిన పని లేదు, చల్లటి నీళ్లు మొక్క మొదలు దగ్గర పోయండి. ఆకు మీద నీటి బొట్టు భూతద్దంలా ఆకును కాలుస్తుందంటారు. నూరువరహాల లాంటి నున్నటి ఆకు మీద అలా జరగదు. బోరు నీళ్ల బొట్టు ఆరాక తెల్ల మచ్చ మిగులుతుంది, అది సున్నం.

మిద్దెతోట · తిరుపతి · జూన్ 22, రాత్రి 9:05

రెండూ బతికాయి. కర్తరిలో ఒక వారం చాలా భయమేసింది, వడగాలికి పైచిగురు ముడుచుకుపోయింది. నాలుగు ఇటుకల మీద కుండీలు ఎత్తి పెట్టి, చుట్టూ గోనె చుట్టాను. కొత్త ఆకులు చిన్నగా, మందంగా, మెరుస్తూ ఉన్నాయి. పాత పలచటి ఆకులు ఒక్కొక్కటే రాలుతున్నాయి. ఎర్రమట్టి అన్న చెప్పిన తేడా పక్కపక్కన కళ్లకు కనిపిస్తోంది. పసుపు తగ్గింది. పూలు ఇంకా లేవు. నాలుగు గంటల ఎండ పూయడానికి చాలుతుందా? మిద్దె మీదికి మళ్లీ ఎప్పుడు ఎక్కించాలి?

ఇట్లిపూలు · చిత్తూరు, కట్టమంచి · జూన్ 23, ఉదయం 6:20

నాలుగు గంటలకు కొన్ని పూలు వస్తాయి, ఆరేడు గంటలు దొరికితే మొక్క నిండా వస్తాయి. ఇప్పుడు మొక్క దగ్గర ఎండ ఆకులున్నాయి కాబట్టి పెంచొచ్చు. జూలై మొదట్లో మబ్బు పట్టిన రెండు మూడు రోజులు చూసుకుని మిద్దెకు ఎక్కించండి. మధ్యలో పెట్టొద్దు. పడమటి పిట్టగోడకు లోపలి వైపు ఆనించి పెట్టండి. మూడడుగుల పిట్టగోడ అయితే మూడు దాటేసరికి దాని నీడ మూడడుగులు పడుతుంది. ఉదయం నుంచి రెండున్నర, మూడు దాకా ఎండ దొరుకుతుంది, అన్నిటికన్నా చెడ్డ పడమటి ఎండ తప్పుతుంది. నేను పదేళ్లుగా ఇదే పద్ధతిలో పెడుతున్నాను, నెట్ కొనే అవసరం రాలేదు.

అక్టోబరు నుంచి సూర్యుడు దక్షిణానికి వాలతాడు. పిట్టగోడ నుంచి జరిపి నడుమకు తెచ్చినా భయం లేదు, అప్పటి ఎండ ఎంత దొరికితే అంత మంచిది. మళ్లీ మార్చి మొదటి వారంలో పిట్టగోడ పక్కకు, ఏప్రిల్ మధ్యలో తూర్పు గుమ్మానికి. ఏడాదికి నాలుగుసార్లు కుండీ కదిపితే చాలు.

పడమటి బాల్కనీ · తిరుపతి, ఎయిర్ బైపాస్ రోడ్డు · ఆగస్టు 17, మధ్యాహ్నం 12:35

ఇవాళ మబ్బు వల్ల నీడకర్ర సార్ చెప్పిన రెండో నీడలేని రోజు చూడలేకపోయాను. కానీ జూలైలో తెచ్చిన మొక్క మూడు కొత్త కొమ్మలు వేసింది, ఆకులన్నీ చిన్నవి, గట్టివి. మట్టి కుండీ తీసుకున్నాను.

మిద్దెతోట · తిరుపతి · అక్టోబరు 17, ఉదయం 7:50

ఒక మొక్కకు ఐదు గుత్తులు, రెండో దానికి మూడు. మొదటి గుత్తి విచ్చుకుని ఇవాళ్టికి పన్నెండు రోజులు, ఇంకా వాడలేదు. శుక్రవారం అమ్మవారికి ఒకటి పెట్టాం. బాబు ఒక పువ్వు తుంచి కాడ చప్పరించి తేనె ఉందని అందరికీ చెబుతున్నాడు. నేను కూడా చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్లో అలాగే చేసేదాన్ని.

కుండీలు గత వారమే పిట్టగోడ దగ్గర నుంచి మిద్దె నడుమకు జరిపాను. ఇటుకల మీదే ఉన్నాయి, వానలకు రంధ్రాలు మూసుకోకుండా. వాన నీళ్లకు రెండు డ్రమ్ములు పెట్టాను. ఎక్కడెక్కడ ఎప్పుడు పెట్టాలో నేల మీద పెయింట్‌తో గుర్తులు వేసి నెలలు రాశాం. అత్తమ్మ రాయించారు.

పొలంగట్టు · పుత్తూరు · అక్టోబరు 17, ఉదయం 8:30

అక్కా, చాలా సంతోషం. మా అమ్మకు ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. మా పెద్దాకుల చెట్టు నుంచి కొమ్మలు పంపిస్తానంటోంది. వానలు పడుతున్నప్పుడే నాటితే పట్టుకుంటాయట. వచ్చే వారం తిరుపతికి పని మీద వస్తున్నా.

మిద్దెతోట · తిరుపతి · అక్టోబరు 17, ఉదయం 8:42

తప్పకుండా తీసుకురా తమ్ముడూ. తూర్పు గుమ్మం పక్కన నేలలో రెండడుగుల చోటుంది. కుండీలు మిద్దె ఎక్కాక అది ఖాళీగానే ఉంది. రేపు గుంట తీసి ఉంచుతాను.